పెండింగు ఆర్డర్ల జాబితాతో నా మంగళవారాలు

2025 ఫిబ్రవరి చివరి వారంలో ఒక సాయంత్రం, పొద్దున కళ్యాణదుర్గానికి వెళ్లిన మా బొలెరో బండి, వేసుకువెళ్లిన 12 లాటరల్ (డ్రిప్పులో మొక్కల వరుస వెంట పరిచే సన్నని పైపు) బండిళ్లనూ అలాగే వేసుకుని గోడౌనుకు తిరిగి వచ్చింది. అక్కడి డీలరు డిసెంబరులో 40 బండిళ్లు అడిగారు. ఆ రోజు మా దగ్గర 28 మాత్రమే ఉంటే అవి పంపి, మిగిలిన 12 సరుకు రాగానే పంపుతామని చెప్పాం. ఫిబ్రవరిలో కంపెనీ లోడు దిగింది. కంప్యూటర్లో ఆయన పేరు మీద 12 మిగిలి ఉన్నట్టు కనిపించింది కాబట్టి బిల్లింగు చేసే కుర్రవాడు బిల్లు కొట్టి బండికెక్కించాడు. ముందుగా ఒక ఫోను చేయాలన్న ఆలోచన అతనికి రాలేదు, నాకూ రాలేదు. డీలరు మా డ్రైవరు ఫోనులోనే నాతో మాట్లాడారు. "ఆ రైతు సంక్రాంతికి ముందే ఇంకోచోట తెచ్చుకుని చీనీ తోటకు పరిచేసినాడు మేడం. ఇప్పుడు ఈ పన్నెండూ నేనేం చేసుకోవల్ల?" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. రానూ పోనూ బాడుగ, రెండుసార్లు హమాలీ, ఆ బిల్లును వెనక్కి తీసుకుంటూ రాసే ఒక క్రెడిట్ నోటు మా నెత్తిన పడ్డాయి. మా యజమాని ఏమీ అనలేదు గానీ, "ఇట్లాంటివి ఇంకా ఎన్నున్నాయో చూడమ్మా" అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయారు. ఆ మాటతో మొదలైన పనిని గురించే ఇది రాస్తున్నాను.

నేను అనంతపురంలో గుత్తి రోడ్డు వైపున్న ఒక హోల్‌సేల్ గోడౌనులో 11 ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. పీవీసీ పైపులు, డ్రిప్పు సామగ్రి, ఫిట్టింగులు మా సరుకు. జిల్లాలోని మండల కేంద్రాల్లో ఉన్న చిల్లర దుకాణాలవారు మా పార్టీలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నిండుగా పడని చోట, చీనీ (బత్తాయి) అయినా దానిమ్మ అయినా అరటి అయినా బోరు నీళ్లను బొట్టుబొట్టుగా వాడుకుంటేనే నిలుస్తుంది కాబట్టి, డ్రిప్పు లేని తోట మా వైపు అరుదు. సబ్సిడీ మీద వచ్చే డ్రిప్పు కంపెనీల ద్వారా రైతుకు చేరుతుంది. మా దగ్గరికి వచ్చేది సొంత డబ్బుతో వేసుకునేవారి బేరం, పాత లాటరల్ పైపులను ఉడతలూ ఎలుకలూ కొరికేస్తే మార్చుకునేవారి బేరం. ఇటువంటి బేరంలో ఆర్డరు ఇచ్చినంత మాత్రాన సరుకు తీసుకుంటారని నమ్మడానికి లేదు. వాన పడాలి, బోరులో నీళ్లుండాలి, అంతకుముందు పంట డబ్బు చేతికి రావాలి. వీటిలో ఏది అటూఇటూ అయినా రైతు ఆగిపోతాడు, రైతు ఆగితే డీలరు ఆగుతాడు, డీలరు ఆగిన సంగతి మాత్రం మా కంప్యూటరుకు ఎవరూ చెప్పరు.

బండి తిరిగొచ్చిన మరుసటి రోజు, మేము లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో సేల్స్ ఆర్డర్ అవుట్‌స్టాండింగ్ రిపోర్టు, అంటే ఇంకా సరుకు వెళ్లాల్సిన ఆర్డర్ల జాబితా, తీసి ప్రింటు ఇచ్చాను. ఆ రిపోర్టు ఉందని నాకు తెలియక కాదు. సంవత్సరాంతంలో ఒకసారి చూసి, పొడుగ్గా ఉందని మూసేయడమే అప్పటిదాకా నేను చేసిన పని. ఈసారి లెక్కపెడితే 431 వరుసలు తేలాయి. అన్నిటికన్నా పాతది 2022 నాటిది. ఆ పార్టీ దుకాణం మూసేసి బెంగళూరు వెళ్లిపోయి రెండేళ్లయింది.

మొదట నేననుకున్నది, 431 వరుసలంటే 431 చోట్ల సరుకు కోసం ఎవరో ఎదురుచూస్తున్నారని. కంగారుపడి గోడౌను ఇన్‌చార్జి దగ్గరికి పరుగెత్తాను. మేమంతా ఆయన్ను భాయ్ అని పిలుస్తాం, మా యజమాని తండ్రి కాలం నుంచి అక్కడే ఉన్నారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీలో నాలుగైదు పేర్లు చూసి నవ్వారు. "ఇది పోయింది కదమ్మా. ఇదీ పోయింది. గార్లదిన్నె వాళ్లది నేనే నిలబడి లోడు చేయించినా" అన్నారు. ఆయన దగ్గర డెలివరీ చలానాల పుస్తకం ఉంది. దాంతో సరిచూస్తే ఆయన చెప్పిందే నిజం.

సరుకు వెళ్లిపోయినా ఆర్డరు ఎందుకు తెరిచే ఉందో కనిపెట్టడానికి నాకు ఒక పూట పట్టింది. బిల్లు చేసేటప్పుడు సరుకు పేరు ఎంచుకున్నాక ఒక చిన్న పెట్టె వస్తుంది. ఆ పార్టీ పేరు మీద నడుస్తున్న ఆర్డర్ల నంబర్లు అందులో వరుసగా కనిపిస్తాయి, వాటితోపాటు నాట్ అప్లికబుల్ అన్న మాట కూడా ఉంటుంది. ఆర్డరు నంబరు ఎంచుకుంటే ఆ బిల్లు పరిమాణం ఆ ఆర్డరులోంచి తగ్గుతుంది. హడావుడిలో నాట్ అప్లికబుల్ మీద ఎంటర్ కొట్టేస్తే బిల్లు సక్రమంగానే వస్తుంది, జీఎస్టీ సరిగానే పడుతుంది, స్టాకు కూడా తగ్గుతుంది. ఆర్డరు ఒక్కటే ఏమీ జరగనట్టు అలాగే ఉండిపోతుంది. బయట లారీ హారన్ కొడుతుంటే, డ్రైవరు కిటికీ దగ్గర నిలబడి తొందరపెడుతుంటే, ఆ పెట్టెలో నంబరు వెతికే ఓపిక ఎవరికుంటుంది? కుర్రవాణ్ణి కోప్పడదామనుకుని, పాత బిల్లులు తీసి చూస్తే వాటిలో నేను చేసినవే ఎక్కువ.

పాత బిల్లుల్లోకి వెళ్లి ఆర్డరు నంబర్లు ఎక్కిద్దామని ఒకరోజు కూర్చున్నాను. మా ఆడిటరు గారు వద్దన్నారు. జీఎస్టీ పోర్టల్లో ఈ-ఇన్‌వాయిస్ తీసి, జీఎస్టీ రిటర్నులు వేసేసిన నెలల బిల్లులను చిన్న సవరణకైనా తెరవడం మంచిది కాదనీ, ఆర్డరునే మధ్యలో మూసే వీలు ట్యాలీలో ఉంది కాబట్టి కారణం రాసి మూసేయమనీ సలహా ఇచ్చారు. అలాగే చేశాను. ప్రతి దానికీ చలానా నంబరు రాసి మూసేసరికి రెండు వారాలు పట్టింది. ఆ విధంగా 140 వరుసలు పోయాయి.

ఇంకో 37 వరుసలు జంట ఆర్డర్లు. లైను మీద తిరిగే సేల్స్‌మన్ దుకాణంలో కూర్చుని ఫోనులో ఆర్డరు చెబుతాడు, అదే డీలరు రాత్రికి అదే చీటీని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు. ఒకటి నేను ఎక్కిస్తే ఇంకొకటి కుర్రవాడు ఎక్కిస్తాడు. ఒక దానికి సరుకు వెళ్లేది, రెండోది జాబితాలో పడి ఉండేది. ఇది చాలా చిన్న తప్పుగా కనిపిస్తుంది గానీ దీనివల్ల అయిన నష్టం చిన్నది కాదు. మా యజమాని కొనుగోళ్లకు పూర్తిగా ఈ రిపోర్టునే నమ్మేవారు. ఎన్ని పైపులకు ఆర్డరు ఉందో చూసి, చేతిలో ఉన్నవి తీసేసి, తక్కువ పడినవాటికి కంపెనీకి ఇండెంటు పెట్టేవారు. అంతకుముందు వేసవిలో 90 మిల్లీమీటర్ల పైపు ఒక లోడు అదనంగా దిగి, షెడ్డులో చోటు చాలక ఆరుబయట ఎండలో పడి ఉండటానికి కారణం, జంటగా ఎక్కినవీ చచ్చిపోయినవీ కలిసిన ఆర్డర్లే అని ఇప్పుడు అర్థమైంది. అదే వేసవిలో 63 మిల్లీమీటర్ల పైపు కోసం వచ్చిన పామిడి డీలరును, "ఉన్నవన్నీ ఆర్డర్ల మీద ఉన్నాయన్నా" అని వెనక్కి పంపించాం. ఆ ఆర్డర్లలో సగం కేవలం కాగితం మీదివే. లేని గిరాకీకి సరుకు కొని, ఉన్న గిరాకీని తిప్పి పంపడం రెండూ ఒకే జాబితా చేసిన పని.

మిగిలిన 254 వరుసలకు ఫోన్లు చేయడం తప్ప మార్గం లేకపోయింది. సేల్స్‌మన్లు ఇద్దరూ తమ తమ లైన్లు పంచుకున్నారు, పెద్ద పార్టీలకు నేనే చేశాను. ఈ ఫోన్లలో నాకు తెలిసివచ్చిన ఒక సంగతి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. పీవీసీ పైపు ధర ముడిసరుకైన రెసిన్ ధరను బట్టి నడుస్తుంది కాబట్టి కంపెనీలు రేట్ల పట్టికను తరచుగా మారుస్తుంటాయి. మేము ఆర్డరు తీసుకున్న రోజు రేటే రాసుకునేవాళ్లం, దానికి గడువు రాసేవాళ్లం కాదు. దీన్ని కొందరు పార్టీలు మాకన్నా ముందే కనిపెట్టారు. ధర తగ్గితే పాత ఆర్డరు ఊసెత్తరు, కొత్త రేటుకు ఇంకోచోట కొనుక్కుంటారు. ధర పెరిగితే మూడు నెలల నాటి ఆర్డరు నంబరుతో సహా గుర్తుకొస్తుంది, "మీరు ఒప్పుకున్న రేటుకే పంపండి మేడం" అంటారు. వారిని నిందించడానికి లేదు. తలుపు మనం తెరిచిపెట్టి లోపలికి వచ్చినవారిని తప్పుపట్టడం ఏం న్యాయం? అప్పటినుంచి పైపుల ఆర్డరుకు 15 రోజుల గడువు పెట్టాం. గడువు దాటితే ఆర్డరు ఉంటుంది గానీ రేటు ఉండదని ఆర్డరు తీసుకున్నప్పుడే వాట్సాప్‌లో రాసి పంపుతాం. మొదట్లో ఇద్దరు ముగ్గురు అలిగారు. తర్వాత అలవాటయింది.

ఫోన్లు పూర్తయ్యేసరికి 122 ఆర్డర్లు వద్దన్నారు. కొందరు ఎప్పుడో వేరేచోట కొనుక్కున్నారు, కొందరు రైతుకు సబ్సిడీ మంజూరైంది కాబట్టి అవసరం లేదన్నారు, కొందరికి తాము ఆ ఆర్డరు ఇచ్చినట్టే గుర్తులేదు. నిజంగా సరుకు కావలసినవి 132 మిగిలాయి. 431 అనుకున్నది 132కు వచ్చిందని నేను సంతోషిస్తుంటే భాయ్ మాత్రం, "ఇన్ని రోజులు ఈ నూటాముప్పై మందీ మన మీద ఎంత తిట్టుకుని ఉంటారో" అన్నారు.

ఈ 132 ఎందుకు ఆగాయో చూస్తే ఒక్కొక్కటిది ఒక్కొక్క కథ. తాడిపత్రి పార్టీ ఒకరు 75 మిల్లీమీటర్ల, 6 కేజీల పైపులు (కేజీలంటే బరువు కాదు, పైపు తట్టుకునే నీటి ఒత్తిడి) 60 కావాలని అడిగి మూడు వారాలైంది. కంప్యూటర్లో 64 ఉన్నాయి కాబట్టి కొత్తగా తెప్పించాలని ఎవరూ అనుకోలేదు. గోడౌనులో చూస్తే అన్ని లేవు కాబట్టి భాయ్ లోడు చేయలేదు. ఇద్దరిలో ఎవరికి వారు, రెండోవారికి తెలిసే ఉంటుందనుకున్నారు. "యాడున్నాయమ్మా? మీ కంప్యూటర్లో ఉన్నాయేమో గానీ ఈడ లేవు" అని ఆయన నన్ను చేయి పట్టుకుని తీసుకువెళ్లినంత పనిచేశారు. ఎండలో కూర్చుని ఒక్కొక్క పైపూ లెక్కబెట్టాం. వరుసలో 41 ఉన్నాయి. పక్కనే ఉన్న 4 కేజీల పైపుల దిబ్బలో మరో 17 బయటపడ్డాయి. ఎండకు పైపు మీది ముద్ర వెలిసిపోవడంతో, మందం చేత్తో తడిమి చూస్తే తప్ప తేడా తెలియలేదు. ఇంకో ఆరింటికి మూతులు పగిలి ఉన్నాయి, వాటిని ఎప్పుడో పక్కకు పెట్టి డ్యామేజీగా రాయడం మరిచిపోయారు. 41, 17, 6 కలిపితే సరిగ్గా 64. కంప్యూటరు అబద్ధం చెప్పలేదు, నిజం మాత్రం చెప్పలేదు. ఆ వారమే పైపుల దిబ్బల మీద ఆకుపచ్చ వల కప్పించాం, 6 కేజీల పైపుల చివరలకు ఎర్ర రంగు పూయించాం. ఆ తర్వాత ప్రతి వారం, ఆర్డర్లు ఎక్కువగా ఆగిన ఐదు సరుకులను మాత్రం చేత్తో లెక్కబెట్టడం అలవాటు చేసుకున్నాం. గోడౌను మొత్తాన్ని లెక్కబెట్టాలనుకుంటే ఎప్పటికీ మొదలుపెట్టలేం.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. జాబితాలో చాలా వరుసలు చిల్లరవి: రెండు ఎల్బోలు, నాలుగు ఎండ్ క్యాపులు, ఒక బాల్ వాల్వు. వీటికోసం బండి పంపలేం, వదిలేస్తే జాబితా పొడుగు తగ్గదు. మిగిలిన విలువ రూ. 500 కన్నా తక్కువ ఉన్న ప్రతి వరుసనూ, 30 రోజులు దాటితే మూసేయాలని నేనొక నియమం పెట్టాను. చూడటానికి ఎంతో బాగుంది. ఒక్క సాయంత్రంలో 29 వరుసలు మూసేశాను. పది రోజుల తర్వాత నార్పల నుంచి ఒక డీలరు ఫోను చేసి, ఆయనెప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు పెంచి మాట్లాడారు. ఆయన రైతు ఒకరికి మూడెకరాల డ్రిప్పు సామగ్రి అంతా మేము పంపాం. పైపులు, లాటరల్, ఫిల్టరు అన్నీ వెళ్లాయి, గ్రోమెట్లు (చిన్న రబ్బరు రింగులు) తక్కువపడి రూ. 300 విలువైనవి తర్వాత పంపుతామన్నాం. నేను మూసేసినవాటిలో ఆ గ్రోమెట్లు ఉన్నాయి. పీవీసీ పైపుకు రంధ్రం వేసి, అందులో గ్రోమెట్ బిగించి, టేకాఫ్ (లాటరల్‌ను తగిలించే చిన్న ఫిట్టింగు) పెడితేనే లాటరల్‌కు నీళ్లు ఎక్కుతాయి. గ్రోమెట్ లేకపోతే వేల రూపాయల లాటరల్ పొలంలో ఊరికే చుట్టలు చుట్టి పడి ఉంటుంది. మొక్కలు నాటి నాలుగు రోజులైందనీ, రైతు బిందెలతో నీళ్లు పోయిస్తున్నాడనీ డీలరు చెప్పారు. నేను ఏమీ మాట్లాడలేకపోయాను. గ్రోమెట్లను అప్పటికప్పుడు ఒక సంచిలో వేసి, మధ్యాహ్నం బస్సులో పార్సిల్ పెట్టించాను.

ఆ రోజే ఆ నియమాన్ని తీసేశాను. ఆగిన సరుకు విలువ ఎంతన్నది మాకు సంబంధించిన లెక్క. ఆ సరుకు లేక అక్కడ ఏమి ఆగిందన్నది వారి లెక్క. ఇప్పుడు ఆర్డరు ఎక్కించేటప్పుడే రెండు ప్రశ్నలు అడుగుతాం. ఇది ఒక తోటకు కావలసిన సెట్టా, లేక దుకాణంలో పెట్టుకునే స్టాకా? ఏదైనా తక్కువైతే ఉన్నంతవరకు పంపమంటారా, అన్నీ కలిపి ఒకేసారి పంపమంటారా? జవాబును ఆర్డరు కింద రాసే వివరణలో రాస్తాం. సెట్టు అయితే రూ. 50 ఫిట్టింగు ఆగినా అది జాబితాలో పైకి వస్తుంది. దుకాణం స్టాకు అయితే చిల్లర మిగుళ్లను పార్టీకి చెప్పి మూసేసి, వారి తర్వాతి ఆర్డరులో కలిపేస్తాం. ఫోను చేయకుండా మూసే పని మాత్రం మళ్లీ చేయలేదు.

వారానికొకసారి కూర్చోవాలన్న ఆలోచన ఏప్రిల్‌లో కుదిరింది. మొదట శనివారం సాయంత్రం అనుకున్నాం. ఆ వేళ హమాలీలకు వారం కూలి ఇచ్చే హడావుడిలో ఒక్కసారి కూడా అరగంట నిలకడగా కూర్చోలేకపోయాం. మంగళవారం డబ్బు బయటికి తీయడానికి చాలామంది ఇష్టపడరు కాబట్టి ఆ రోజు కౌంటరు దగ్గర రద్దీ తక్కువ. అందుకని మంగళవారం పొద్దున తొమ్మిదింటికి నేను, భాయ్, సేల్స్‌మన్లు ఇద్దరూ కూర్చుంటాం, చివర్లో మా యజమాని వస్తారు. జాబితాను పాత తేదీ నుంచి కొత్త తేదీకి చదువుతాను. ప్రతి వరుసకూ ఎందుకు ఆగింది, ఇప్పుడు ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా అన్నవి రాసుకుంటాం. మొదట్లో ప్రతి దానికీ సేల్స్‌మన్లు "కనుక్కుంటా మేడం" అనేవారు, వచ్చే మంగళవారం కూడా అదే జవాబు వచ్చేది. దీనికి విరుగుడు భాయ్ కనిపెట్టారు. "వచ్చేవారం దాకా ఎందుకప్పా, ఇప్పుడే అడుగు" అని సేల్స్‌మన్ ఫోను తీసి బల్ల మీద స్పీకరు పెట్టి నంబరు నొక్కించారు. డీలరు పలికారు, రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఇప్పుడు మా మంగళవారం కూర్చోవడమంటే సగం ఫోన్లే. మొదటిసారి మూడు గంటలు పట్టింది, ఇప్పుడు ముప్పావు గంట దాటదు.

పాత బాకీ వల్ల ఆగిన ఆర్డర్లను మేమెవరం ముట్టుకోం. సరుకు ఉంది, పార్టీకి కావాలి, కానీ వెనకటి బిల్లు రెండు నెలలు దాటింది. అటువంటివాటిని మా యజమాని వచ్చేదాకా పక్కన పెడతాను. ఆయన పేరు వినగానే పంపమంటారు లేదా ఆపమంటారు, ఒక్కోసారి సగం పంపమంటారు. పంట ఎప్పుడు అమ్ముడవుతుందో, ఏ ఊళ్లో కాయ రేటు ఎలా ఉందో, ఎవరింట్లో పెళ్లి ఉందో అన్నీ ఆయన మనసులో ఉంటాయి. నేను కోరింది ఒకటే. ఆపాలనుకుంటే ఆ విషయం ఆ పార్టీకి ఆయనే చెప్పాలని. అంతకుముందు ఆపిన సంగతి చెప్పడానికి మొహమాటపడి, "స్టాకు లేదు" అని మా చేత చెప్పించేవారు. ఆ పార్టీ ఇంకొకరి దగ్గర మా సరుకే చూసి మమ్మల్ని నిలదీసేది. ఈ మార్పుకు ఆయన ఒప్పుకోవడానికి కొంతకాలం పట్టింది.

ఈ అలవాటు నిజంగా అక్కరకు వచ్చింది ఆ సెప్టెంబరులో. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ రేట్ల మార్పులు ప్రకటించింది, అవి 22 నుంచి అమలు. డ్రిప్పు సామగ్రి, లాటరల్ పైపులతో సహా, 12 శాతం నుంచి 5 శాతానికి వచ్చింది. ఆ కబురు తెలిసిన రోజు నుంచే ఫోన్లు. "22 తర్వాతే పంపండి మేడం." ఎక్కించిన ఆర్డరు ఎక్కించినట్టే ఆగిపోయింది, 60కి దిగిన జాబితా పదిరోజుల్లో మళ్లీ 200 దాటింది. పాతరోజుల్లో అయితే ఇవన్నీ ఆ గుంపులో కలిసిపోయి ఎవరు ఎందుకు ఆగారో తెలిసేది కాదు. ఇప్పుడు ప్రతి వరుస పక్కనా కారణం ఉంది కాబట్టి, 22 కోసం ఆగినవాటిని వేరుగా తీసి చూశాం. చూస్తే ఇంకో చిక్కు కనిపించింది. చాలామంది పీవీసీ పైపులకూ పన్ను తగ్గిందనుకుని వాటిని కూడా ఆపమన్నారు. పైపులు అప్పుడూ 18 శాతమే, ఇప్పుడూ 18 శాతమే. ఒకే ఆర్డరులో పైపులూ లాటరల్ పైపులూ కలిసి ఉన్నవారికి ఒక్కొక్కరికి ఫోను చేసి ఈ తేడా చెప్పాం. నలభైమంది దాకా పైపులు వెంటనే తీసుకుపోయారు, లాటరల్ మాత్రం ఆపుకున్నారు. అడ్వాన్సు ముందే కట్టినవారు తమకు పాత పన్నే పడుతుందేమోనని భయపడ్డారు. సరుకూ బిల్లూ రెండూ 22 తర్వాతే కాబట్టి డబ్బు ముందు కట్టినా కొత్త రేటే వర్తిస్తుందని ఆడిటరు గారిని అడిగి ధైర్యం చెప్పాం.

21వ తేదీ ఆదివారం, పైగా మహాలయ అమావాస్య. ఆ రోజు మా వైపు లోడు ఎత్తడం, కొత్త సరుకు ఇంటికి తెచ్చుకోవడం ఎవరూ చేయరు. 22 సోమవారం పొద్దున ఆరింటికే బళ్లు వచ్చి నిలబడ్డాయి. ఎవరి బండిలో ఏమి ఎక్కించాలో శనివారమే పేర్లవారీగా చీటీలు రాసి భాయ్ చేతికి ఇచ్చాం. చీటీ మీద ఆర్డరు నంబరు ఎర్ర సిరాతో రాశాం, బిల్లు కొట్టేవారు ఆ చిన్న పెట్టెలో దాన్నే ఎంచుకోవాలని. ఆ రెండు రోజుల్లో అంత రద్దీలో కూడా నాట్ అప్లికబుల్ పడిన బిల్లులు మూడే. వాటిలో ఒకటి నాదే.

ఇప్పుడు మా జాబితా మామూలు వారాల్లో 50, 60 వరుసల మధ్య ఉంటుంది. దాన్ని సున్నా చేయాలన్న కోరిక నాకు లేదు. వ్యాపారం నడుస్తుంటే కొన్ని ఆర్డర్లు దారిలో ఉంటాయి. 30 రోజులు దాటినవి ఎన్ని, వాటిలో పక్కన కారణం రాయనివి ఎన్ని అన్నదే నేను చూసేది. కొనుగోలు ఇండెంటు పెట్టే ముందు మా యజమాని మంగళవారం జాబితాను అడిగి తీసుకుంటున్నారు, అంతకన్నా పాతదాన్ని నమ్మడం లేదు. ఈ వేసవికి ఆరుబయట పైపుల దిబ్బ లేదు.

పోయిన మంగళవారం జాబితాలో అన్నిటికన్నా పాత వరుస ఉరవకొండ వైపు డీలరుది, రెండెకరాల డ్రిప్పు సెట్టు, 74 రోజులైంది. దాని పక్కన కారణం గడిలో "బోరు పడితే" అని రాసి ఉంది. రైతు మూడో బోరు వేయిస్తున్నాడు, మొదటి రెండూ ఫెయిలయ్యాయి. నీళ్లు పడితే మరుసటి రోజే సెట్టు కావాలన్నారు, పడకపోతే అసలే వద్దన్నారు. నా పద్ధతి ప్రకారం గడువు లేని వరుస ఉండకూడదు, సరుకునూ పట్టి ఉంచకూడదు. సరుకును విడిచిపెట్టి వేరేవారికి ఇచ్చేశాం. నీళ్లు పడితే రెండు రోజుల్లో సమకూర్చగలమని డీలరుకు చెప్పాం. వరుసను మాత్రం మూయలేదు. ఆ వరుస దగ్గరికి రాగానే భాయ్ నేను చదవకముందే సేల్స్‌మన్ వైపు చూస్తారు, అతను ఫోను బల్ల మీద పెట్టి నంబరు నొక్కుతాడు. పోయినవారం డీలరు, బోరు బండి ఇంకా రాలేదు, వచ్చే గురువారం డ్రిల్లింగు అన్నారు. తేదీ మార్చి రాసుకున్నాను.